బావ పూసిన గుమ్మటం

"అమ్మా, ఈ పొద్దు బండి వద్దంట."

పుసుపుసు బండి తోసే మనిషి మా గుమ్మం ముందు నిలబడి ఆ ఒక్క మాటే చెప్పాడు. పుదుచ్చేరిలో ఉన్నవాళ్లకు పుసుపుసు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. కుర్చీకి చక్రాలు బిగించి, వెనక నుంచి మనిషి తోసుకుపోయే బండి అది. రోజూ సాయంత్రం మా అక్క ఇంటికి వెళ్లి, మా బావను కూర్చోబెట్టుకుని, మా వీధి మీదుగా మురుంగపాక్కం దారి పట్టేది. నేను చెంగు దోపుకుని పక్కన నడిచేదాన్ని. ఆ రోజు మాత్రం పొద్దున్నే వచ్చాడు, ఖాళీ బండితో. ఎందుకు వద్దన్నారని అడగబోయాను. ఆయన తలపాగా విప్పి చేతిలో పట్టుకుని ఉన్నాడు. అది చూశాక ఇంక అడగలేదు. పొయ్యి మీద పాలు అట్లాగే వదిలేసి పరుగెత్తాను.

మా బావ పోయాడు. మా అక్క భర్త. పత్రికకు రాసేటప్పుడు పోయినవాళ్లను 'గారు' అనాలని మా ఆయన పక్కనుంచి చెబుతున్నాడు. నేను ఆయనను జన్మలో గారు అనలేదు. ఇప్పుడు అంటే నా బావ గురించి కాక ఇంకెవరి గురించో రాస్తున్నట్టు ఉంటుంది. చదివేవాళ్లు మన్నించాలి.

ఆయన ఫ్రెంచి దొరల కట్టడాల కచేరీలో పనులు చూసే ఉద్యోగి. రోడ్లు, వంతెనలు, రేవు గిడ్డంగులు, ఆసుపత్రి గోడలు, ఎక్కడ ఇటుక మీద ఇటుక పెట్టినా అక్కడ గొడుగు వేసుకుని నిలబడి ఉండేవాడు. ఎవరింటికి వెళ్లినా ముందు గోడను వేలి కణుపుతో కొట్టి చూసేవాడు. మా అక్కను చూసుకోవడానికి వచ్చిన రోజున కూడా అంతే. అక్కను అలంకరించి తెచ్చి చాప మీద కూర్చోబెట్టారు. ఈయన లేచి, అక్క వెనకనున్న గోడ దగ్గరికి వెళ్లి, టకటకమని కొట్టి, చెవి ఆనించి, మా నాయనతో అన్నాడు: "మామా, ఈ గోడలో నీళ్లుండాయి. సీక్రం చూపించుకోండి." అందరూ నోళ్లు తెరిచారు. మా నాయన మాత్రం మురిసిపోయాడు. ఇంకా తాంబూలాలు కాకుండానే మామా అన్నాడు గదా! గోడ విప్పిస్తే నిజంగానే పక్కింటి తూము లోపలికి కారుతోంది. సంబంధం ఖాయమైంది. "నన్ను చూసేదానికి ముందు గోడను చూసినాడు" అని అక్క చివరిదాకా దెప్పుతూనే ఉంది. "గోడకు నగలు పెట్టి దాచలేదు గదా" అని ఆయన చివరిదాకా అదే జవాబు ఇచ్చాడు.

మా ఇళ్లలో తెలుగు నోట్లో ఉంటుంది, చేతిలో ఉండదు. తరాలుగా ఇక్కడే ఉన్నాం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బయట తమిళం, కచేరీలో దొరల భాష. అక్షరాలు వచ్చినవాళ్లు వీధికి ఒకరు కూడా ఉండరు. నాకు అక్షరాలు నేర్పింది బావే. అప్పుడు నాకు కాళ్లకు పట్టీలు ఉన్న వయసు. కొత్తగా పూసిన తడి గచ్చు మీద వేలితో రాసి చూపించి, నన్ను దిద్దమనేవాడు. దిద్దాక తాపీతో చదును చేసేవాడు. "ఈ గోడ లోపల నీ అక్షరాలు ఉండాయి పిల్లా, గోడ ఉన్నన్నాళ్లు ఉంటాయి" అనేవాడు. నేను నమ్మేదాన్ని. ఈ రాత ఆయన పెట్టిన భిక్షే అని గొప్పగా రాయాలనుంది గానీ, ఆయన వింటే నవ్వుతాడు.

ఆయనకు గుమ్మటాల పిచ్చి. అది ఎట్లా పట్టిందో చెప్పాలి. పెళ్లికి ముందు, ఒక ఇంజనీరు దొర పాత మసీదుల, గోరీల బొమ్మలు గీసుకోవడానికి దక్కను వైపు వెళుతూ, కొలతల తాడు పట్టుకోవడానికి ఈయనను వెంట తీసుకుపోయాడు. గుల్బర్గా, బీదరు, బీజాపూరు, గోలకొండ తిరిగి వచ్చారు. దొర ఆ తర్వాత తన దేశం వెళ్లిపోయాడు. ఆ బొమ్మలు ఏమయ్యాయో తెలియదు. కానీ మా బావ ఆ ఊళ్ల నుంచి పూర్తిగా తిరిగి రానేలేదని నాకు అనిపించేది. అన్నం తినేటప్పుడు కూడా ముద్దను గుమ్మటంలా చేసి, "ఇదో, బీదరు" అనేవాడు. అక్క విసుక్కునేది.

సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఆయన చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ చూసినట్టే ఉంటాయి. గుల్బర్గా కోటలో పెద్ద మసీదు ఉందట. మసీదులకు మధ్యలో ఆకాశం కనబడే వాకిలి ఉంటుంది గదా, దానికి అది లేదు. మొత్తం కప్పేశారు. పైన చిన్న చిన్న గుమ్మటాలు వరసలు వరసలుగా ఉన్నాయి. లోపల నిలబడి ఎటు చూసినా కమాను వెనక కమాను. గోలకొండ గోరీల మీద గుమ్మటాలు రేకుల మధ్యలో నుంచి మొగ్గ లేచినట్టు లేస్తాయి. బీజాపూరులో అన్నిటికంటే పెద్ద గుమ్మటం కింద, చుట్టూ తిరిగే వసారాలో ఒకవైపు నిలబడి గుసగుసలాడితే అవతలివైపు వినబడుతుంది.

"నువ్వేం గుసగుసలాడినావు బావా?" అని అడిగాను.

"ఆకలేస్తా ఉంది ముస్సే, అన్నాను దొరతో. అంత పెద్ద గుమ్మటం కింద, అంత పెద్ద సుల్తాను పడుకున్న చోట, నాకు ఇంకేమీ తోచలేదు. అవతల నుంచి దొర సంచిలోంచి రొట్టె తీసి చూపించినాడు."

అన్నిటికంటే ఎక్కువగా చెప్పింది బీదరు గురించి. ఊరి బయట పొలాల్లో బహమనీ సుల్తానుల గోరీలు వరసగా ఉన్నాయట. అందులో ఒకదాని మీద పిడుగు పడి గుమ్మటం సగం రాలిపోయింది. మిగిలిన సగం అట్లాగే ఆకాశంలో నిలబడి ఉంది. దొర మిగతా వాటి బొమ్మలు గీస్తుంటే, ఈయన ఆ సగం గుమ్మటం కిందే కూర్చున్నాడట. "నిలబడి ఉండేది ఏమీ చెప్పదు పిల్లా. కూలింది చూస్తేనే తెలుస్తాది, ఎట్ల నిలబెట్టినారో. ఇటిక వరస మీద వరస, ఎర్రగడ్డ ఒలిస్తే వచ్చే పొరల మాదిరి. నడాన సున్నం." ఆయన గొంతు తగ్గిపోయేది. "సుల్తాన్ల పేర్లు దొరలు పుస్తకాల్లో ఎతుక్కుంటా ఉండారు. తాపీ పట్టినోళ్ల పేర్లు యాడా లేవు. సున్నం ఒకటే ఉండాది."

అంత దూరం పోలేని మాకు, మా ఊళ్లోనే ఒక గుమ్మటం ఉండేది. మురుంగపాక్కం వైపు, తాటితోపు దాటాక. చెంజి కోట బీజాపూరు సుల్తాను మనుషుల చేతిలో ఉన్న రోజుల్లో, వాళ్ల సరదారు ఒకడు సముద్రపు గాలికి ఒళ్లు బాగవుతుందని ఇటు వచ్చి, ఇక్కడే పోయాడట. ఆయన గోరీయే అది, పేరు ఎవరికీ తెలియదు. అందరూ సాయిబుస్వామి అనేవాళ్లు. చదరపు గది, నాలుగువైపులా కమానులు, మూలల్లో చిన్న మినార్లు, పైన గుమ్మటం. పక్కనే పది మంది నిలబడితే నిండిపోయే మసీదు. బీజాపూరు గుమ్మటం పక్కన ఇది ఉసిరికాయంత ఉంటుందని బావే చెప్పాడు. అయినా దాన్ని చూసేటప్పుడు ఆయన ముఖం వేరేగా ఉండేది. సొంత ఊళ్లో చుట్టం దొరికినట్టు.

అక్కడ దీపం పెట్టి ఊడ్చేది బూబమ్మ. ఆమె భర్త ఆ గోరీకి ముజావరుగా ఉండేవాడు, ఆయన చనిపోయాక ఆమే చూసుకునేది. జ్వరం వచ్చిన పిల్లలను తల్లులు తెచ్చి గుమ్మటం కింద కాసేపు కూర్చోబెట్టుకుని పోయేవాళ్లు. తెలుగువాళ్లు, తమిళులు, సాయిబులు, అందరూ వచ్చేవాళ్లు. ఏటా ఉరుసుకు ముందు ఇంకో పని ఉండేది. దానికి మా ఆడవాళ్లు పెట్టిన పేరు 'స్వామికి తలంటు'. గుల్ల సున్నం నానబోసి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోసి పులియబెట్టేవాళ్లు. ప్రతి ఇంటి నుంచి ఒక బెల్లం గడ్డ రావాలి. లేనివాళ్లు కరక్కాయలు తెచ్చేవాళ్లు. సున్నం బాగా నానాక ఆడవాళ్లం వరసగా కూర్చుని దంచేవాళ్లం. మగవాళ్లు పైకెక్కి, ఆ ఏడు గుమ్మటం మీద ఎక్కడ బీట వేసిందో అక్కడ మెత్తి, ఆపైన గుమ్మటమంతా పలచగా పూసేవాళ్లు. మరుసటి ఏడు మళ్లీ బీటలు, మళ్లీ బెల్లం. చేతులు పొక్కేవి. నవ్వులు, వెక్కిరింతలు, పెళ్లి సంబంధాలు అన్నీ అక్కడే.

బావకు ఈ తలంటు నచ్చేది కాదు. "ఇంత ఒళ్లు నొప్పులు పడి పూస్తే ఒక ఏడు. ఇదేం పని?" అనేవాడు.

ఒక ఏడు పెద్ద గాలివాన వచ్చింది. తాటిచెట్లు విరిగి పడ్డాయి. మా వీధిలో పెంకులు లేచిపోయాయి. గుమ్మటం మీద పైనుంచి కిందికి పెద్ద పగులు వచ్చి, నీళ్లు నేరుగా గోరీ మీద పడటం మొదలైంది. బావ ఆ గోరీ పక్కన నిలబడి పైకి చూస్తూ ఉండిపోయాడు. ఇంటికి వచ్చాక ఒకటే మాట: "బీజాపూరులో అంతది నిలబడింది. మన ఊళ్లో ఇంతదాన్ని నేను నిలబెట్టలేనా?"

ఆ రోజుల్లో రేవు పనికి దొరల సీమ నుంచి పీపాల్లో సిమెంటు వచ్చేది. మా కళ్లకు అది బూడిదలాగే ఉండేది. నీళ్లు పోసి పెడితే మర్నాటికి రాయి. బావకు దాని మీద అంత నమ్మకం. రేవు పని అయ్యాక మిగిలిన పీపాలు ఇమ్మని అప్పటి ఇంజనీరు దొరను అడిగి ఒప్పించాడు. సెలవు పెట్టి, కొయ్యలు కట్టించి, మేస్త్రీలతోపాటు తనూ తాపీ పట్టుకుని పైకెక్కాడు. పాత సున్నం గీకించి, గుమ్మటం మొత్తానికి, మినార్లకు, గోడలకు బయటంతా సిమెంటు పూశాడు. అటువంటి కట్టడానికి కూలివాడిలా పనిచేసే భాగ్యం ఎవరికి వస్తుందని నాతో అన్నాడు. అట్లా అన్న మనిషిని నేను కళ్లారా చూశాను, కాబట్టి ఆయన నిర్లక్ష్యంగా చేశాడని ఎవరైనా అంటే ఊరుకోను.

పని అవుతుండగా బూబమ్మ కింద నిలబడి అడిగింది: "అన్నా, ఇది పూస్తే మళ్లీ ఏడు ఏం పూస్తాము?"

"ఏమీ పూయనక్కర్లేదు బూబమ్మా. నీ మనవళ్ల మనవళ్ల దాకా చూడక్కర్లేదు."

"అయితే జనం దేనికి వస్తారు?"

"దండం పెట్టుకునేదానికి వస్తారు. ఇంక దేనికి?" అని నవ్వాడు.

ఆమె చీపురు తీసుకుని లోపలికి పోయింది. మేము ఆడవాళ్లం మాత్రం చేతులు పొక్కే పని తప్పిందని సంతోషపడ్డాం.

ఆ ఏటి వానలకు లోపల ఒక్క చోట కూడా కారలేదు. బావ మమ్మల్నందరినీ పిలుచుకుపోయి, చెప్పులు విప్పించి, నేల మీద నడిపించి, "పొడిగా ఉందా లేదా?" అని ఒక్కొక్కరినీ అడిగాడు. మా అక్క "ఉంది మహానుభావా" అని చేతులు జోడించింది. ఆ రోజు ఆయన తిన్నంత అన్నం మళ్లీ తినగా నేను చూడలేదు. ఆయన జీవితంలో అన్నిటికంటే సంతోషపడిన రోజు అదే అనుకుంటాను.

ఉరుసుకు జనం అలవాటు కొద్దీ బెల్లం తెచ్చారు. అందరికీ పానకం చేసి పంచారు. మరుసటి ఏడు కొందరే తెచ్చారు. ఆపైన "తలంటు లేదు గదా" అని చాలామంది రావడం మానేశారు. జ్వరం పిల్లల తల్లులు మాత్రం వచ్చేవాళ్లు.

పెద్ద యుద్ధం మొదలై, మా ఊరి మగపిల్లలు కొందరు సముద్రం దాటి పోయారు. ఆ కాలంలోనే ఒక ఎండాకాలం, బావతో కలిసి గుమ్మటానికి వెళ్లాను. బయట ఎండ మండిపోతోంది. లోపల గోడలు చెమట పట్టి ఉన్నాయి. ఎక్కడి నుంచి కారిందో తెలియదు, పైన పగులు లేదు. గోడ మొదట్లో ఎర్రటి పొడి రాలి ఉంది. బావ వంగి ఆ పొడిని వేళ్ల మధ్య నలిపాడు. తరువాత గోడను కణుపుతో కొట్టాడు. ఆ చప్పుడు నాకు కూడా తెలిసింది. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు ఉంది. ఇంకో చోట కొట్టాడు. ఇంకో చోట.

"ఏంది బావా?"

"ఊపిరాడలేదు పిల్లా" అన్నాడు. "సున్నమైతే నీళ్లు తాగి, ఎండకు కక్కేస్తాది. ఇది కక్కనీయలేదు. కింద నుంచి ఎక్కిన తడి అంతా లోపలే ఉండిపోయింది. ఇటికలు లోపలే కుళ్లినాయి."

నాలుగు రోజులకు మేస్త్రీని తీసుకుని పైకెక్కాడు, సిమెంటు ఒలిచేయాలని. ఉలితో ఒక పెచ్చు లేపితే, దాన్ని పట్టుకుని ఇటుక కూడా ఊడి వచ్చింది. పొడిగా ఉన్నచోట చూద్దామని ఇంకోవైపు లేపారు. అక్కడా అంతే. ఇటుక కన్నా సిమెంటు గట్టిది, పట్టుకున్నదాన్ని వదలదు. ఊడిన ఇటుకను ఆయన పిడికిట్లో నొక్కితే, వేళ్ల సందుల్లో నుంచి ఎర్రటి బురద జారింది. కిందికి దిగి వచ్చి, మసీదు మెట్టు మీద కూర్చున్నాడు.

"తీస్తే ఇప్పుడే పడిపోతాది. తీయకపోతే తరవాత పడిపోతాది" అన్నాడు. అంతే. ఇక ఆ సంగతి మీద ఆయన కొత్తగా చెప్పిందేమీ లేదు. ఎన్నేళ్లు బతికినా ఆ రెండు మాటల మధ్యనే బతికాడు.

ఊరికే కూర్చోలేదు. కొత్తగా వచ్చిన ఇంజనీరు దొర దగ్గరికి వెళ్లాడు. పడిపోయేటట్టుంటే పడగొట్టేయమన్నాడు ఆ దొర. బావ గోడలకు కొయ్యలు ఊతం పెట్టి చూశాడు, చెదలు తిన్నాయి. గోడ చుట్టూ కాలవ తవ్వించాడు, తడి ఎక్కకుండా. కొంచెం తగ్గినట్టే ఉండి వానాకాలంలో మళ్లీ మొదలైంది. మేము ఆడవాళ్లం కొందరం కలిసి పాత పద్ధతిలో సున్నం నానబెట్టి, లోపలివైపు పూద్దామని పోయాం. తడి గోడ పట్టుకోలేదు. పూసింది పూసినట్టే జారి కింద పడింది. మా చేతులు కడుక్కుని వచ్చేశాం. అంతమందిమి ఉండి ఏమీ చేయలేకపోవడం ఎట్లా ఉంటుందో ఆ రోజు తెలిసింది. ఇంట్లో ముసలివాళ్లకు జబ్బు చేసినప్పుడు కనీసం కాళ్లు పట్టవచ్చు.

ఎవరూ ఆయనను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. బయట నుంచి చూస్తే గుమ్మటం నున్నగా, పగులు లేకుండా ఉండేది. దారిన పోయేవాళ్లు ఆగి, "ఏం గట్టిగా పూసినావు సామీ!" అని మెచ్చుకునేవాళ్లు. ఆయన తల వంచుకుని "ఆమా, ఆమా" అని ఒప్పుకునేవాడు. బూబమ్మకు అన్నీ తెలుసు. రోజూ రాలే ఎర్రపొడిని, ఈయన వచ్చేలోపు ఊడ్చి, మసీదు వెనక పోసేది, ఈయన కంట పడకూడదని. ఈయన రాగానే నేరుగా మసీదు వెనక్కే వెళ్లి, కుప్ప ఎంత పెరిగిందో చూసుకుని వచ్చేవాడు. ఇద్దరూ ఆ మాట ఎత్తేవాళ్లు కాదు. ఆమె "టీనీళ్లు తాగుతావా అన్నా?" అనేది. ఆయన "తే బూబమ్మా" అనేవాడు.

ఒకసారి ఉండబట్టలేక నేనే అన్నాను: "బావా, వందల ఏండ్ల పాతది. ఎప్పుడో ఒకప్పుడు పడేదే గదా. నువ్వెందుకు ఇట్ల కుమిలిపోతావు?"

ఆయన నా మీద ఎప్పుడూ కోపపడలేదు. ఆ రోజు పడ్డాడు. "ముసలిదాని గొంతు పిసికి, ముసలితనంతో పోయిందని చెప్పమంటావా?"

నాకు కళ్ల నీళ్లు వచ్చాయి. ఆయనకూ వచ్చాయి.

యుద్ధం అయిపోయి, పోయినవాళ్లలో కొందరు తిరిగి వచ్చిన తరువాత, బావకు పక్షవాతం వచ్చింది. కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. మాట ముద్దగా అయిపోయింది. మా అక్కకు, నాకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఉద్యోగం పోయింది. ఆయన అడిగింది ఒక్కటే, రోజూ గుమ్మటం దగ్గరికి తీసుకుపొమ్మని. పుసుపుసు అప్పుడు మొదలైంది.

మొదట్లో చూసుకోవడానికి అనుకున్నాం. కాదు. ఆయన భయం వేరు. జ్వరం పిల్లలను తల్లులు ఇంకా ఆ గుమ్మటం కిందే కూర్చోబెడుతున్నారు. తను పూసినది ఏ రోజు ఏ పసిబిడ్డ మీద పడుతుందోనని ఆయన లోపల కాలిపోతున్నాడు. తలుపు పెట్టి తాళం వేయమని బూబమ్మను బతిమాలాడు. ఆయన ముద్దమాటలను నేను విప్పి చెప్పాను.

"స్వామికి తాళం ఎట్ల ఏస్తారు అన్నా?" అంది బూబమ్మ. "ఖైదీనా ఆయన?"

"మనుషులు చచ్చిపోతారు బూబమ్మా."

"ఆయన పడనీయడు."

"ఆయన చేతిలో లేదు" అన్నాడు బావ. ఆ మాట మాత్రం నేను విప్పకుండానే ఆమెకు అర్థమైంది. చివరికి తాళం వద్దు, తాడు కట్టుకుందామంది. గుమ్మానికి అడ్డంగా పేనిన కొబ్బరి తాడు కట్టారు. దీపం లోపల నుంచి గడప బయటికి వచ్చింది. ఆమే ఆ దీపాన్ని, గాలికి కొంగు అడ్డం పెట్టి మోసుకొచ్చి కింద పెట్టింది.

కానీ తాడు చూసి ఎవరు ఆగుతారు? ఒంగి దూరిపోయేవాళ్లు. అందుకని రోజూ సాయంత్రం, జనం వచ్చే వేళకు, మా బావ ఆ గుమ్మం ముందు పుసుపుసులో కూర్చునేవాడు. ఎవరైనా బిడ్డను ఎత్తుకుని వస్తే, ఎడమచేయి ఎత్తి, "లోపలికి వద్దు" అని అరిచేవాడు. అది మాటలా వచ్చేది కాదు. పిల్లలు జడుసుకుని ఏడ్చేవాళ్లు. ఒకామె "ఎవరీ పిచ్చాయన?" అని నన్ను అడిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. "ఈ గుమ్మటాన్ని కాపాడాలని చూసినాయన" అన్నాను. అది కూడా పూర్తిగా నిజం కాదని నాకు తెలుసు. అందరికీ నేనే నచ్చజెప్పేదాన్ని: ఇక్కడ బయటే, దీపం దగ్గర కూర్చోబెట్టుకోండి, స్వామికి అంత దూరం నుంచి కూడా కనబడతారు. కొందరు విన్నారు. కొందరు మమ్మల్ని తిట్టుకుంటూ వెళ్లిపోయారు. మా బావ చేయి దింపేవాడు కాదు.

వానలు పట్టిన కార్తీకంలో, ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు. ముందు సాయంత్రం జోరువాన, పుసుపుసు కదలలేదు. "ఈ పొద్దు ఎవరైనా లోపలికి పోయినారేమో" అని అక్కతో అన్నాడట. "ఈ వానలో ఎవరు పోతారు, పడుకో" అందట అక్క. బావ ఆఖరి మాటలు అవే. దేవుడి పేరు కాదు, అక్క పేరు కాదు. అక్క దానికి ఏడవలేదు. "ఆయన ఎప్పుడూ అంతే, నన్ను చూసేదానికి ముందు..." అని మొదలుపెట్టి, ఆ మాట పూర్తి చేయలేకపోయింది.

బూబమ్మ వానలో తడుస్తూ నడిచి వచ్చింది. మా వాళ్లలో ఒకరిద్దరు గొణిగారు గానీ, ఆమె ఎవరినీ చూడకుండా వచ్చి, ఆయన కాళ్ల దగ్గర కాసేపు కూర్చుని, "ఇంక నేను చూసుకుంటాలే అన్నా" అని లేచింది. ఆ రోజు నుంచి జనం వచ్చే వేళకు తాడు దగ్గర ఆమే కూర్చుంటోందని పుసుపుసు మనిషి చెప్పాడు.

మేము పెద్దకర్మ చేస్తున్న రోజు, మధ్యాహ్నం, అది పడిపోయింది. అంత దూరాన నూలు మిల్లు దగ్గర ఉండేవాళ్లు కూడా విని ఉరుము అనుకున్నారట. లోపల ఎవరూ లేరు. ఒక తల్లి, బిడ్డతో, బయట దీపం దగ్గర ఉంది. బూబమ్మ ఆమె పక్కనే ఉంది. దుమ్ము కూడా లేవలేదట. అంతా తడి మట్టి.

కొత్తగా భర్త పోయిన ఆడది గడప దాటకూడదని మా వాళ్ల పట్టింపు. వార్త తెలిశాక అక్క రెండు రోజులు ఇంట్లోనే ఉంది. మూడోనాడు పొద్దున, పుసుపుసు మనిషి ఊరికే పలకరించడానికి వచ్చి వాకిట్లో నిలబడితే, అందరూ చూస్తుండగా వెళ్లి ఆ బండిలో కూర్చుంది. "పద" అంది. మా పెద్దత్త "యాడికే?" అని అరిచింది. అక్క వెనక్కి తిరగలేదు. నేను చెంగు దోపుకుని పక్కన నడిచాను.

గోడలు నడుము ఎత్తు మిగిలాయి. గోరీ మట్టిలో కనబడలేదు. ఎర్రటి బురద గుట్టలా పడి ఉంది. దాంట్లో ఇటుక అన్నది ఒక్కటి కూడా లేదు, అన్నీ కరిగిపోయాయి. బూబమ్మ చేత్తో మట్టి తీస్తోంది, గోరీ ఎక్కడుందో వెతుకుతూ. మమ్మల్ని చూసి లేచింది. పక్కకు చూపించింది.

గుమ్మటం నెత్తి భాగం, బావ పూసిన సిమెంటు పెచ్చు, విరగకుండా ఒక్కటే ముక్కగా ఊడి, దూరంగా దొర్లి, వెల్లకిలా పడి ఉంది. పెద్ద గంగాళమంత. అంచు ఒక్కచోట కూడా చిట్లలేదు. మూడు రోజుల వాన అంతా దాంట్లో నిలిచి ఉంది.

"నలుగురం కలిసి జరపాలని చూసినాము అక్కా. కదల్లేదు" అంది బూబమ్మ.

అక్క బండి దిగింది. దాని పక్కన మట్టిలోనే కూర్చుంది. నేనూ కూర్చున్నాను. కాసేపటికి బూబమ్మ కూడా వచ్చి కూర్చుంది.

మళ్లీ చినుకులు మొదలయ్యాయి. నీళ్లు అంచుదాకా వచ్చి ఆగాయి. బూబమ్మ మేక ఒకటి మట్టిగుట్ట దిగి వచ్చి, ముందు కాళ్లు ఆ అంచు మీద పెట్టి, వంగి నీళ్లు తాగడం మొదలుపెట్టింది.